మైఎస్‌క్యూఎలా, పోస్ట్‌గ్రెసా? 'ఏది ఫాస్ట్' అని అడిగేముందు ఒక్క అప్‌డేట్ సంగతి చూద్దాం

 

కామెంట్లలో ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది. "అన్నా, మైఎస్‌క్యూఎల్ ఫాస్టా, పోస్ట్‌గ్రెస్ ఫాస్టా?" ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ చేసేవాళ్లు అడుగుతున్నారు, ఫస్ట్ జాబ్‌లో చేరినవాళ్లు అడుగుతున్నారు, సొంతంగా యాప్ పెట్టుకుందామనుకునేవాళ్లు కూడా అడుగుతున్నారు. టైమ్ లేనివాళ్లకు నా జవాబు ముందే చెప్పేస్తా: కొత్త ప్రాజెక్ట్ అయితే, వేరే బలమైన కారణం లేకపోతే, పోస్ట్‌గ్రెస్ తీసుకోండి. కానీ అది ఫాస్ట్ అని కాదు. ఎందుకో తెలియాలంటే చివరిదాకా ఉండండి.

ముందు ఒక మాట. ఒరాకిల్ గురించి ఎందుకు చెప్పట్లేదని మళ్లీ అడుగుతారు. ఒరాకిల్ డేటాబేస్ లైసెన్స్‌లో, కంపెనీ పర్మిషన్ లేకుండా బెంచ్‌మార్క్ నంబర్లు బయటపెట్టకూడదని ఒక రూల్ ఉంది. దాన్ని డెవిట్ క్లాజ్ అంటారు. 1980ల్లో డేవిడ్ డెవిట్ అనే ప్రొఫెసర్ డేటాబేస్‌లన్నిటినీ పోల్చి నంబర్లు పబ్లిష్ చేస్తే, ఆ దెబ్బకు పుట్టిన రూల్ అది. ఎస్‌క్యూఎల్ సర్వర్ లైసెన్స్‌లో కూడా అలాంటిదే ఉంది. అందుకే నెట్‌లో ఆ రెండిటికీ పనికొచ్చే పోలికలు పెద్దగా దొరకవు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ రెండూ ఓపెన్ సోర్స్. కొలుచుకోవచ్చు, తిట్టుకోవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు.

ఇంకోటి. మీరు ఈ టాక్ చదువుతున్న ఫోన్‌లోనే ఒక డేటాబేస్ ఉంది. ఎస్‌క్యూలైట్. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో, మీ వాట్సాప్ చాట్‌ల వెనక ఉన్నది అదే. అది సర్వర్ కాదు, ఒక ఫైల్ అంతే. ఒక టైమ్‌లో ఒక్కరే రాయగలరు. ఫోన్‌లో రాసేది ఒక్కరే కాబట్టి దానికి అది చాలు. మన గొడవ మొదలయ్యేది వెయ్యి మంది ఒకేసారి రాసేటప్పుడు.

సరే, మేటర్‌లోకి వద్దాం.

"మైఎస్‌క్యూఎల్ ఫాస్ట్, పోస్ట్‌గ్రెస్ స్లో" అనే మాట ఇప్పటికీ మన కాలేజీల్లో సీనియర్లు జూనియర్లకు చెప్తుంటారు. ఆ మాట గాల్లోంచి రాలేదు. మైఎస్‌క్యూఎల్ 1995లో వచ్చింది. అప్పట్లో దాని కింద ఉన్న స్టోరేజ్ ఇంజిన్, తర్వాత వచ్చిన మైఐశామ్, రెండిట్లోనూ ట్రాన్సాక్షన్లు లేవు. ఫారిన్ కీ రాస్తే చదివి పక్కన పడేసేది. ఎవరైనా రాస్తుంటే టేబుల్ మొత్తానికి తాళం పడేది. ఇన్ని పనులు ఎగ్గొడితే ఫాస్ట్‌గా ఉండక ఏమవుతుంది చెప్పండి? మొత్తం ఎన్ని రోలు ఉన్నాయని అడిగితే టక్కున చెప్పేది, ఎందుకంటే ఆ లెక్క పక్కన రాసి పెట్టుకునేది. పోస్ట్‌గ్రెస్ 1986లో బర్క్‌లీ యూనివర్సిటీలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన రీసెర్చ్ ప్రాజెక్ట్‌లోంచి వచ్చింది. దాని దారి వేరే: ముందు కరెక్ట్‌గా ఉండాలి, స్పీడ్ సంగతి తర్వాత చూద్దాం.

కానీ 2010లో మైఎస్‌క్యూఎల్ 5.5తో డిఫాల్ట్ ఇంజిన్ ఇన్నోడీబీ అయింది. ట్రాన్సాక్షన్లు, రో లెవెల్ లాక్, ఫారిన్ కీలు, అన్నీ వచ్చాయి. అంటే ఆ పాత పోలిక చచ్చిపోయి పదిహేనేళ్లు దాటింది. ఇప్పుడు ఇన్నోడీబీలో కూడా కౌంట్ స్టార్ కొడితే కూర్చుని లెక్కపెట్టాల్సిందే, పోస్ట్‌గ్రెస్‌లాగే.

మరి ఇప్పుడు అసలు తేడా ఎక్కడుంది? నా దృష్టిలో ఒక్క చోట. మీరు ఒక రోని అప్‌డేట్ చేసినప్పుడు, పాత విలువను ఎక్కడ పెడతారు? ఇదొక్కటి అర్థమైతే మిగతా సగం మీరే ఊహించేయొచ్చు.

పాత విలువ అసలెందుకు దాచాలి అంటారా? మీరు మార్చే టైమ్‌కి ఇంకొకరు అదే టేబుల్ చదువుతూ ఉండొచ్చు. వాళ్లు మొదలుపెట్టినప్పుడు ఉన్న లెక్కే వాళ్లకు చివరిదాకా కనపడాలి. చదివేవాళ్లు రాసేవాళ్లను ఆపకూడదు, రాసేవాళ్లు చదివేవాళ్లను ఆపకూడదు. రెండు డేటాబేస్‌లూ ఈ మాట నిలబెట్టుకుంటాయి. నిలబెట్టుకునే పద్ధతి వేరు.

ఊళ్లో కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ఊహించుకోండి. ఖాతా నంబర్ 37, బాకీ 450 రూపాయలు. ఇప్పుడు అది 520 అయింది.

మొదటి కొట్టాయన ఇన్నోడీబీ. ఉన్న లైన్‌లోనే 450 చెరిపి 520 రాస్తాడు. పక్కన ఒక చీటీ మీద "ముందు 450 ఉండేది" అని రాసి డబ్బాలో వేస్తాడు. ఆ చీటీల డబ్బానే అన్‌డూ లాగ్. ఎవరైనా పాత లెక్క కావాలంటే చీటీ చూపిస్తాడు. ఎవరికీ అక్కర్లేదని తేలాక చీటీలు పారేస్తాడు.

రెండో కొట్టాయన పోస్ట్‌గ్రెస్. ఈయన దేన్నీ చెరపడు. పాత లైన్ అలాగే ఉంచి, ఖాళీ ఉన్న చోట కొత్త లైన్ రాస్తాడు: ఖాతా 37, బాకీ 520. పాత లైన్ చూసేవాళ్లు ఎవరూ లేరని తెలిశాక, ఒక కుర్రాడు వచ్చి ఆ లైన్లు ఖాళీ చేసి మళ్లీ వాడుకునేలా చేస్తాడు. ఆ కుర్రాడి పేరు వాక్యూమ్.

ఇప్పుడు పుస్తకం వెనక జాబితాలు ఉన్నాయనుకోండి. పేర్ల జాబితా, ఫోన్ నంబర్ల జాబితా, వీధుల జాబితా. ఇవే ఇండెక్స్‌లు. పోస్ట్‌గ్రెస్ కొట్లో ప్రతి జాబితాలోనూ "ఫలానా పేజీ, ఫలానా లైన్" అని రాసి ఉంటుంది. ఖాతా 37 లైన్ మారింది కదా? అయితే ఫోన్ నంబర్ మారకపోయినా, పేరు మారకపోయినా, మూడు జాబితాల్లోనూ కొత్త ఎంట్రీ రాయాలి. ఇండెక్స్‌లు పది ఉంటే పది చోట్ల. దీన్నే రైట్ యాంప్లిఫికేషన్ అంటారు, ఒక చిన్న మార్పుకు బోలెడు రాతలు.

ఇన్నోడీబీ కొట్లో జాబితాల్లో పేజీ నంబర్ ఉండదు, "ఖాతా 37" అని మాత్రమే ఉంటుంది. అంటే ప్రైమరీ కీ. బాకీ మారితే జాబితాలు ముట్టుకోనక్కర్లేదు. మరి నష్టం లేదా? ఉంది. ఫోన్ నంబర్‌తో వెతికితే ముందు జాబితాలో ఖాతా 37 అని తెలుసుకోవాలి, మళ్లీ ఖాతా 37 ఎక్కడుందో పుస్తకంలో వెతకాలి. రెండుసార్లు వెతుకులాట. పోస్ట్‌గ్రెస్‌లో జాబితా చూసి నేరుగా ఆ లైన్‌కి వెళ్లిపోతారు.

ఇంకో సైడ్ ఎఫెక్ట్ చెప్తా. ఇన్నోడీబీ పుస్తకం మొత్తం ఖాతా నంబర్ వరసలోనే ఉంటుంది. అందుకని ప్రైమరీ కీగా ర్యాండమ్ యూయూఐడీ పెట్టారంటే ప్రతి కొత్త ఖాతా పుస్తకం మధ్యలో ఎక్కడో దూరుతుంది, పేజీలు చీల్చుకుంటూ పోవాలి. పైగా ఆ పొడుగాటి కీ ప్రతి జాబితాలోనూ రిపీట్ అవుతుంది. మైఎస్‌క్యూఎల్ వాడితే ప్రైమరీ కీ చిన్నదిగా, పెరుగుతూ పోయేదిగా పెట్టుకోండి.

ఇదంతా పుస్తకాల్లో థియరీ అనుకోకండి. 2016 జులైలో ఊబర్ ఇంజినీర్లు ఒక ఆర్టికల్ రాశారు, పోస్ట్‌గ్రెస్ నుంచి మైఎస్‌క్యూఎల్‌కి ఎందుకు మారాం అని. అందులో మొదటి ఫిర్యాదు ఇదే. ఒక చిన్న అప్‌డేట్‌కి ఇన్ని రాతలు, ఆ రాతలన్నీ రెప్లికేషన్‌లో ఇంకో డేటా సెంటర్‌కి కూడా వెళ్లాలి, బ్యాండ్‌విడ్త్ తినేస్తోంది అన్నారు. తమాషా ఏంటంటే అదే ఊబర్ అంతకు మూడేళ్ల ముందు, 2013లో, మైఎస్‌క్యూఎల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి మారిన కంపెనీ.

ఆ ఆర్టికల్ లింక్ పట్టుకుని "చూశావా, ఊబరే వదిలేసింది" అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండు విషయాలు మర్చిపోతారు. ఒకటి, ఊబర్ మైఎస్‌క్యూఎల్‌ని మనం వాడినట్టు వాడలేదు. దాని పైన స్కీమాలెస్ అని సొంత లేయర్ కట్టుకుని, కింద మైఎస్‌క్యూఎల్‌ని గోడౌన్‌లా వాడుకుంది. రెండోది, పోస్ట్‌గ్రెస్‌లో హాట్ అప్‌డేట్ అని ఒకటుంది, 2008లో వచ్చిన 8.3 నుంచే. మార్చిన కాలమ్ మీద ఏ ఇండెక్సూ లేకపోతే, కొత్త లైన్ అదే పేజీలో పడితే, జాబితాలు ముట్టుకోకుండా పాత లైన్ పక్కన ఒక బాణం గుర్తు వేసి సరిపెడుతుంది. పేజీలో కాస్త జాగా వదిలి పెట్టమని ఫిల్‌ఫ్యాక్టర్ సెట్టింగ్‌తో చెప్పొచ్చు. మన బాకీ కాలమ్ మీద ఇండెక్స్ లేదు కదా, కాబట్టి ఆ కొట్లో చాలాసార్లు పది రాతలు పడవు. అనవసరంగా ప్రతి కాలమ్‌కీ ఇండెక్స్ పెట్టేవాళ్లకే దెబ్బ. అలా పెట్టేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, అది వేరే విషయం.

రోల్‌బ్యాక్ సంగతి చూడండి, ఇక్కడ బొమ్మ తిరగబడుతుంది. పది లక్షల రోలు అప్‌డేట్ చేస్తూ మధ్యలో క్యాన్సిల్ కొట్టారు. పోస్ట్‌గ్రెస్‌లో అది క్షణాల పని, ఎందుకంటే పాత లైన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, "కొత్తవి చెల్లవు" అంటే చాలు. ఇన్నోడీబీ చీటీలన్నీ తీసి ఒక్కో లైన్ వెనక్కి రాసుకుంటూ రావాలి. రాయడానికి పట్టినంత టైమ్ చెరపడానికీ పట్టొచ్చు. అర్ధరాత్రి ప్రొడక్షన్‌లో ఇలాంటి రోల్‌బ్యాక్ కోసం కూర్చున్నవాళ్లకు తెలుసు ఆ నరకం.

పోస్ట్‌గ్రెస్ నరకం ఎక్కడుంటుందంటే, ఆ వాక్యూమ్ కుర్రాడి దగ్గర. ఎవరో ఒక ట్రాన్సాక్షన్ ఓపెన్ చేసి, క్లోజ్ చేయకుండా టీకి వెళ్లిపోయారు. ఆ ట్రాన్సాక్షన్‌కి పాత లైన్లు కావాల్సి రావొచ్చని కుర్రాడు దేన్నీ తుడవడు. టేబుల్ ఉబ్బుతూనే ఉంటుంది. దీన్ని బ్లోట్ అంటారు. డేటా 2 జీబీ ఉంటుంది, టేబుల్ 20 జీబీ ఆక్రమిస్తుంది. "పోస్ట్‌గ్రెస్ స్లో అయిపోయింది అన్నా" అని వచ్చే మెసేజ్‌లకు నేను ముందు అడిగేది ఇదే: ఆటోవాక్యూమ్ ఎవరైనా ఆఫ్ చేశారా? ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌లో ఎన్ని కనెక్షన్లు వేలాడుతున్నాయి?

కనెక్షన్ల మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తా. పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కీ ఒక ప్రాసెస్ పెడుతుంది, మైఎస్‌క్యూఎల్ ఒక థ్రెడ్ పెడుతుంది. థ్రెడ్ తేలిక. వేల కనెక్షన్లు తెరిచే యాప్ అయితే పోస్ట్‌గ్రెస్ ముందు పీజీబౌన్సర్ లాంటి పూలర్ పెట్టుకోక తప్పదు. డిఫాల్ట్‌గా పోస్ట్‌గ్రెస్ 100 కనెక్షన్లు ఇస్తుంది, మైఎస్‌క్యూఎల్ 151.

ఇప్పుడు స్పీడ్ పక్కన పెట్టి, డబ్బులు పోయే విషయం మాట్లాడుకుందాం.

సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి బస్సు టికెట్లు ఎలా పోతాయో మీకు చెప్పక్కర్లేదు. స్పెషల్ బస్సులో 12 సీట్లు మిగిలాయి. కూకట్‌పల్లిలో ఒకరు, ఎల్బీనగర్‌లో ఒకరు ఒకే క్షణంలో బుక్ కొట్టారు. మీ కోడ్ ఏం చేస్తుంది? సీట్లు ఎన్నో చదువుతుంది, 12. పైథాన్‌లోనో జావాలోనో ఒకటి తీసేస్తుంది. 11 అని తిరిగి రాస్తుంది. ఇద్దరి కోడూ 12 చదివింది, ఇద్దరూ 11 రాశారు. రెండు టికెట్లు అమ్ముడయ్యాయి, లెక్కలో ఒకటే తగ్గింది. బస్సు దగ్గర కొట్టుకునేది వాళ్లిద్దరు కాదు, చివర్లో సీటు లేక నిలబడే పదమూడో మనిషి. దీన్ని లాస్ట్ అప్‌డేట్ అంటారు.

డిఫాల్ట్ సెట్టింగ్‌లో రెండు డేటాబేస్‌లూ దీన్ని ఆపవు. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ రీడ్ కమిటెడ్, ఆపదు. మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ రిపీటబుల్ రీడ్, పేరు గట్టిగానే ఉంది, అయినా ఆపదు. కానీ పోస్ట్‌గ్రెస్‌లో మీరు కావాలని రిపీటబుల్ రీడ్ పెడితే? రెండోవాడు 11 రాయబోయేసరికి, "నువ్వు చదివాక ఈ రోని వేరేవాళ్లు మార్చేశారు, కుదరదు" అని ఎర్రర్ కొట్టి ఆపేస్తుంది. మీ కోడ్ మళ్లీ మొదట్నుంచి ప్రయత్నించాలి. మైఎస్‌క్యూఎల్ రిపీటబుల్ రీడ్‌లో ఎర్రర్ ఏమీ రాదు. నిశ్శబ్దంగా రాసేస్తుంది.

పేరు ఒకటే, ప్రవర్తన వేరు. ఇంటర్వ్యూలో ఐసోలేషన్ లెవెల్స్ నాలుగూ బట్టీ పట్టి చెప్తారు, ఈ తేడా మాత్రం చెప్పరు. నేను ఇంటర్వ్యూ చేస్తే ఇదే అడుగుతా.

పరిష్కారం రెండిట్లోనూ ఒకటే. చదివి, లెక్కేసి, రాయడం మానేయండి. "సీట్లు సున్నా కన్నా ఎక్కువ ఉంటే సీట్లలోంచి ఒకటి తీసెయ్" అని ఒక్క అప్‌డేట్‌లోనే డేటాబేస్‌కి చెప్పండి. లేదా సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో ఆ రోకి ముందే తాళం వేసుకుని చదవండి.

ఫీచర్ల విషయంలో నేను పోస్ట్‌గ్రెస్ వైపు ఒరగడానికి కారణం కూడా ఇలాంటిదే. తప్పు జరిగితే అది అరుస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో "ధర సున్నా కన్నా ఎక్కువ ఉండాలి" అని చెక్ కన్‌స్ట్రెయింట్ రాస్తే, 2019లో వచ్చిన 8.0.16 దాకా, అది చదువుకుని, సరే అని తలూపి, ఏమీ చేసేది కాదు. ఎర్రర్ ఉండదు, కాపలా ఉండదు. పాత వెర్షన్ల మీద నడుస్తున్న ప్రాజెక్ట్‌లో చేరితే ఇది గుర్తుపెట్టుకోండి.

అలాగే మైగ్రేషన్లు. నాలుగు ఆల్టర్ టేబుల్‌లు రాశారు, మూడోది ఫెయిలైంది. పోస్ట్‌గ్రెస్‌లో అన్నీ ఒక ట్రాన్సాక్షన్‌లో పెడితే మొత్తం వెనక్కి వెళ్లిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి ఆల్టర్‌కీ దానంతటదే కమిట్ అయిపోతుంది, మొదటి రెండూ అలాగే ఉండిపోతాయి. సగం కట్టిన ఇల్లు.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక సంగతి. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పాతగా పిలిచేది నిజానికి పూర్తి యూటీఎఫ్8 కాదు, ఒక అక్షరానికి మూడు బైట్లే ఇస్తుంది. తెలుగు అక్షరాలు సరిగ్గా మూడు బైట్లు కాబట్టి మన పేర్లు బాగానే పడతాయి, టెస్టింగ్‌లో అంతా పాస్. ఎమోజీకి నాలుగు కావాలి. నేను పనిచేసిన ఒక చోట కస్టమర్ ఫీడ్‌బ్యాక్ తెలుగులో బాగానే వచ్చేది, ఎవరైనా చివర్లో దండం ఎమోజీ పెడితే మాత్రం ఇన్సర్ట్ ఫెయిల్. అంటే మెచ్చుకున్న ఫీడ్‌బ్యాకే పోయేది! టీమ్‌లో రెండు రోజులు తెలుగు ఫాంట్ మీద పడ్డారు. యూటీఎఫ్8ఎంబీ4 అని పెడితే తీరిపోయింది. 8.0 నుంచి అదే డిఫాల్ట్. ఇంకో చిన్నది: లెంగ్త్ ఫంక్షన్‌కి 'తెలుగు' అనే పదం ఇచ్చి చూడండి. పోస్ట్‌గ్రెస్ 6 అంటుంది, మైఎస్‌క్యూఎల్ 18 అంటుంది. మైఎస్‌క్యూఎల్‌ది బైట్ల లెక్క. అక్షరాలు కావాలంటే అక్కడ క్యార్ లెంగ్త్ వాడాలి.

పోస్ట్‌గ్రెస్‌లో నాకు బాగా నచ్చేది పార్షియల్ ఇండెక్స్. ఆర్డర్ల టేబుల్‌లో కోటి రోలు ఉన్నాయి, డెలివరీ కానివి ఐదు వేలు. ఆ ఐదు వేలకే ఇండెక్స్ కట్టుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ఇది లేదు. మ్యాప్‌ల పని ఉంటే పోస్ట్‌జీఐఎస్, జేసన్ లోపల వెతకాలంటే జేసన్‌బీ. పెద్ద రిపోర్ట్ క్వెరీని 9.6 నుంచి పోస్ట్‌గ్రెస్ నాలుగైదు ప్రాసెస్‌లకు పంచగలదు, మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా ఒక థ్రెడ్డే మోయాలి.

మరి మైఎస్‌క్యూఎల్ ఎవరికి? వర్డ్‌ప్రెస్ సైట్ అయితే ఆలోచించకండి, అదే. ప్రైమరీ కీతో చదవడం, అదే రోలను పదే పదే మార్చడం, ఇదే పని అయితే ఇన్నోడీబీ చాలా గట్టిది. డేటాని వంద సర్వర్లకు ముక్కలు చేయాలంటే వైటెస్ ఉంది, యూట్యూబ్ కోసం పుట్టింది. గిట్‌హబ్ మైఎస్‌క్యూఎల్ మీదే ఉంది, ఇన్‌స్టాగ్రామ్ పోస్ట్‌గ్రెస్‌తో మొదలైంది. రెండూ పడిపోలేదు కదా. మీ టీమ్‌లో పదేళ్లుగా మైఎస్‌క్యూఎల్ నడుపుతున్న మనిషి ఉంటే, ఈ వీడియో చూసి ఆయన్ని మార్చమని అడగొద్దు.

బెంచ్‌మార్క్ గ్రాఫ్‌లు చూసేటప్పుడు రెండు మూడు విషయాలు చూడండి. పోస్ట్‌గ్రెస్ షేర్డ్ బఫర్స్, ఇన్నోడీబీ బఫర్ పూల్, రెండూ డిఫాల్ట్‌గా 128 ఎంబీ. 16 జీబీ మెషీన్‌లో ఒకదానికి పెంచి ఇంకోదానికి వదిలేస్తే ఆ గ్రాఫ్ చెత్తబుట్టకే. ప్రతి కమిట్‌కీ లాగ్‌ని డిస్క్‌కి పంపుతున్నారా లేదా చూడండి. ఇన్నోడీబీలో ఆ సెట్టింగ్ 1 నుంచి 2కి మార్చినా, పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ కమిట్ ఆఫ్ చేసినా నంబర్లు ఎగిరిపోతాయి, కరెంట్ పోతే చివరి సెకను డేటా కూడా ఎగిరిపోతుంది. ఇంకా, డేటా మొత్తం ర్యామ్‌లో పట్టేంత చిన్నదైతే మీరు కొలుస్తున్నది డేటాబేస్‌ని కాదు, ర్యామ్‌ని.

ఈ వారం మీకు పని. రెండూ ల్యాప్‌టాప్‌లో పెట్టుకోండి. పది లక్షల రోల టేబుల్, ఒక ఇండెక్స్‌తో ఒకసారి, బాకీ కాలమ్‌తో సహా ఆరు ఇండెక్స్‌లతో ఒకసారి, మొత్తం బాకీ కాలమ్ అప్‌డేట్ చేయండి. టైమ్ రాసుకోండి, టేబుల్ సైజ్ ముందూ తర్వాతా రాసుకోండి. తర్వాత అదే అప్‌డేట్‌ని సగంలో క్యాన్సిల్ చేసి చూడండి. మీ మెషీన్ ర్యామ్, మీకు వచ్చిన నంబర్లు కామెంట్లలో పెట్టండి, బాగా తేడా వచ్చినవి తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో ఎక్స్‌ప్లెయిన్ అవుట్‌పుట్ ఓపెన్ చేసి లైన్ లైన్ చదువుదాం. ఉంటా మరి, బై.